పైనాపిల్ వాసన బకెట్లో చోడి విత్తనం

మా అత్తకి ఎలకల మీద కన్నా నా బకెట్ల మీద కోపం ఎక్కువ. ఎలకలు మా ఇంట్లోనే పుట్టి పెరిగాయి, బకెట్లు విజయనగరం బేకరీ నుంచి వచ్చాయి. అదీ ఆవిడ న్యాయం.

అత్త అంటే పెళ్లితో వచ్చిన అత్త ఒక్కటే కాదు, స్వయానా మా నాన్న చెల్లెలు. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన చేత్తోనే ఇప్పుడు నా కూరలు పక్కకి నెడుతుంది. మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. మావ బతికున్నన్నాళ్లూ జూట్ మిల్లులో పనిచేశాడు కాబట్టి మా ఇంట్లో దేనికైనా గోనె సంచే. బియ్యం గోనెలో, పప్పు గోనెలో, గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునేదీ గోనే. గోనెలో గింజ ఊపిరి తీసుకుంటుందని అత్త సిద్ధాంతం. ఎలకలకి కూడా ఆ సిద్ధాంతం బాగా నచ్చింది. కిందటేడు కందులు సగం అవే తిని పోయాయి.

కందులు పోతే పోయాయి, కొట్లో దొరుకుతాయి. నా భయమంతా చోడి విత్తనం గురించి. చోళ్లంటే రాగులు, మా వైపు మాట. ఆ విత్తనం అత్త కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి కొంగున కట్టి తెచ్చుకున్నది. ఆ పుట్టిల్లే నా పుట్టిల్లు కూడా. మా నాన్న పోయాక అక్కడి మెరక చేనంతా జీడితోట అయిపోయింది. ఇక ఆ చోడి మా చేలో తప్ప ఎక్కడా లేదు. గింజ నల్లగా, చిన్నగా, చూడ్డానికి ఏమీ బాగోదు. దాని అంబలి ఒక్క గ్లాసు తాగితే మాత్రం మధ్యాహ్నం దాకా ఆకలి అనే మాట గుర్తు రాదు. ఏటేటా రెండు కుంచాలు విత్తనానికి తీసి పెడుతుంది అత్త. అవి ఎలకల పాలైతే మళ్లీ ఎవర్ని అడగాలో కూడా తెలియదు.

నేను విజయనగరంలో ఒక టైలరింగ్ షాపులో కుట్టడానికి వెళ్లొస్తాను. పక్కన బేకరీ వాళ్లు క్రీమూ, జామూ అయిపోయాక తెల్లటి బకెట్లు బయట పెట్టేస్తారు. మందంగా, బిగుతు మూతతో, అడుగున గ్లాసూ ఫోర్కూ బొమ్మతో. ఆ బొమ్మ ఉంటే తిండి పెట్టుకోవచ్చని ఫోన్లో చూశాను. నాలుగు అడిగి తెచ్చాను. మా బావ, అంటే మా ఆయన, నాకు సాయం చేద్దామని ఉత్సాహపడి మర్నాడు ఒక పెయింట్ బకెట్ తెచ్చాడు.

"ఇది కూడా బకెట్టే గదా?" అన్నాడు.

"ఇందులో దాచిన పప్పు వండుకుంటే కడుపులోపల గోడలకి సున్నం ఏసినట్టే. నీళ్లు తోడుకో, పో" అన్నాను.

ఇక కడగడం మొదలైంది. నూనె జిడ్డు వేడి నీళ్లతో ఒక్కసారి కడిగితే పోయింది. ఉప్పు, వంట సోడా, నిమ్మచెక్కలు వేసి రుద్దితే మరకలు పోయాయి. స్టీలు పీచు తగలనివ్వలేదు, గీత పడితే అందులో జిడ్డు కాపురం పెడుతుంది. మెత్తటి గోనె ముక్కతో తోమాను, అది చూసి అత్త కొంచెం సంతోషించింది. మూతలోని రబ్బరు రింగు పిన్నీసుతో పైకి లాగితే దాని కింద ఎప్పటిదో జామ్ నల్లగా పేరుకుని ఉంది. అదంతా తీసి, రింగులు విడిగా ఆరేసి, వాసన లాగడానికి బకెట్లలో పేపరు ఉండలు కుక్కి మూతపెట్టి రెండు రోజులుంచి, మళ్లీ ఎండలో బోర్లించాను. అన్నీ పోయాయి, ఒక బకెట్లో పైనాపిల్ వాసన తప్ప. ఎంత కడిగినా అది పెళ్లివారింటి చుట్టంలా కదల్లేదు.

అత్త ముక్కు లోపల పెట్టి చూసింది. "ఏటే ఇది, చోడా కేకా? రేపు అంబలి తాగితే కొవ్వొత్తి ఎలిగించాలేటి?"

"ఇది విత్తనానికి, అంబలికి కాదు. మొలక్కి వాసనతో ఏటి పని అత్తా?"

"గాలాడకపోతే గింజ సస్తాది. నా మాట ఇను."

"ఎలక పన్ను ఆడితే బతుకుతాదా మరి?"

మూడు రోజులు ఎండబెట్టిన చోళ్లు విసురుగా నాకు అప్పగించింది. గింజ పంటికింద టక్కుమంటోంది. బకెట్లో పోసి, మూత మీద కూర్చుని మరీ బిగించాను. "ఇది సెడితే నా పేరు మార్చుకుంటాను" అని వీధి మొత్తానికి వినపడేలా అన్నాను. నోరు ఊరికే ఉండదు కదా.

తొలకరి పడ్డాక నారుమడి కోసం మూత తీశాం. గుప్పుమని బూజు వాసన. పైన గింజలన్నీ ఉండలు కట్టి, బూడిదరంగు నూగుతో ఉన్నాయి. అత్త ఒక్క కేక పెట్టింది, ఇరుగూ పొరుగూ గుమ్మంలో చేరారు.

"సూడండర్రా, బేకరీ బకెట్టు తెచ్చి నా పుట్టింటి ఇత్తనం సంపేసినాది! సెప్తే ఇన్నాదా?"

వాళ్లందరూ నావైపే చూశారు. అంత కడిగినా రింగు కింద తడి మిగిలిందేమో, తప్పు నాదేనేమో అనుకున్నాను. జనం కదిలాక ఉండలు తీస్తుంటే చేతికి మెత్తగా ఏదో తగిలింది. వేపరెబ్బ. ఇంకోటి. లాగితే గుప్పెడు వచ్చాయి, నల్లబడి, జిగటగా. నేను పనికి వెళ్లాక అత్త గరిటెతో మూత పైకెత్తి, పై గింజల్లో పచ్చి వేపాకు పొరలుపొరలుగా వేసి మళ్లీ మూసిందన్నమాట. తరతరాలుగా చేసే పనే. గోనెలో వేస్తే ఆకు ఎండి గలగలలాడుతుంది, పురుగు రాదు. గాలి చొరని బకెట్లో వేస్తే ఆకు చెమట పట్టి, ఆ తడంతా గింజకి పట్టింది.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అనలేదు. ఆ ఆకు పట్టుకుని వీధిలోకి వెళ్దామని లేచాను కూడా. ఎంత ఆనందంగా ఉండేదో! తీరా పెరట్లో చూస్తే అత్త రోలు మీద కూలబడి కళ్లు తుడుచుకుంటోంది. "మా అన్న సేను పోనాది, ఈ ఇత్తనమూ పోనాది. ఇంక నాకు పుట్టిల్లేటి మిగిలినాది?" అని తనలో తనే గొణుక్కుంటోంది. ఆ అన్న మా నాన్న. ఆకు తీసుకెళ్లి ఎరువు గోతిలో పడేసి, మొలక వస్తుందేమో చూద్దామని బకెట్ అడుగునున్న చోళ్లు పిడికెడు తడి గోనెలో చుట్టి దండెం మీద వేశాను.

తర్వాతి మూడు రోజులూ అత్తా నేనూ ఆ గోనెకి వంతులవారీగా నీళ్లు చిలకరించాం. నాలుగో రోజు విప్పితే సగానికి పైగా గింజలకి తెల్లటి మొలకలు. ఆకు తడి అడుగు దాకా దిగలేదు. అత్త గింజ గింజా తడిమి చూసి, "బతికినాదే" అంది. ఇద్దరం కలిసి గట్టిగా ఏడ్చాం, బావ ఏం చెయ్యాలో తెలియక టీ పెట్టాడు.

నారుమడిలో విత్తనం జల్లుతుంటే అత్త నావైపు చూడకుండా అడిగింది.

"ఎరువు గోతిలో ఏపాకు సూసినాను. నీకు తెలుసు గదే?"

"తెలుసు."

"మరి వీధిలో సెప్పలేదేటి?"

"నువ్వు ఏడుస్తన్నావు గదా."

"తెలివితక్కువదానా! నేనైతే ఇంటింటికీ ఎల్లి సెప్పుందును."

సాయంత్రం నేను కుళాయి దగ్గర బిందె కింద పెట్టుకుని ఉండగా, నాలుగిళ్ల అవతలికి వినపడేలా అత్త గొంతు వచ్చింది. "ఇనండర్రా, బకెట్టులో పచ్చాకు ఏసింది నేనే. ఇది తెలిసి కూడా నోరు మూసుకున్నాది, ఎర్రి మొకంది. మా అన్న కూతురు గదా మరి!"