మిరియం మామ్మ మలేషియా చుట్టాలు

ఈ భూమ్మీద మా మిరియం మామ్మకు చుట్టం కానివాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా, వాడి ఉయ్యాల తాడు పట్టుకుని ముందు నిలబడేది మామ్మే. ఎవరు కనిపించినా "మీయమ్మది ఏ ఊరు?" అని మొదలుపెట్టి, గ్లాసు టీ అయ్యేలోగా వరస తేల్చేస్తుంది.

ఒకసారి పలాసలో జనరల్ టికెట్టుతో రిజర్వేషన్ బోగీ ఎక్కింది. టీసీ గదమాయించాడు. నౌపడ ఉప్పుమడులు దాటేసరికి అతను మేనల్లుడైపోయాడు. హరిశ్చంద్రపురంలో సంచి దించి, "అత్తా, ఇంకోసారి ఇలా ఎక్కకే" అని బతిమాలాడు. ఆ రైల్లోనే పక్కవాళ్లతో గొప్పలు పోయింది: "మాయమ్మ ఒక్కగానొక్క కూతురు. అందుకే జీడితోటంతా మాకే వచ్చీసింది." ఈ మాట గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

నేను ఇంటర్ తప్పి, వెల్డింగ్ నేర్చుకుని మలేషియాలో తేలాను. మా చిన్నాన్న కూతురు హిమజ మాత్రం చదువుకుంది. మన తీరం నుంచి ఇక్కడి రబ్బరు తోటలకు వలస వచ్చిన ఆడవాళ్లు ఏం పాడుకున్నారు, ఏం వండుకున్నారు, ఏం మరిచిపోయారు అని రాయడానికి మొన్న వేసవిలో దిగింది. ఆడపిల్ల ఒక్కర్తే ఎలా వెళ్తుందని మామ్మ కూడా దిగింది. పాస్‌పోర్టు చూసే మలయ్ పిల్లను అచ్చ తెలుగులో అడిగింది: "మీయమ్మది ఏ ఊరు?"

ఆ పిల్ల నవ్వి ముద్ర కొట్టేసింది.

"సూసావా, మనోళ్లే," అంది మామ్మ.

ఒక రబ్బరు తోటలో సరస్వతమ్మ అనే పెద్దావిడ ఇంటికి వెళ్లాం. ఎనభై దాటింది. ఆవిడ గోడ మీద అమ్మవారు, మా మామ్మ మెడలో శిలువ. హిమజ అడిగినవాటికల్లా చెప్పి, చివరికి ఆవిడే ఒకటి అడిగింది.

"మా అమ్మ పలాస పక్క నుంచి ఓడెక్కిందట. ఏ ఊరో చెప్పకుండానే పోయింది. అక్కడ నాకు ఇంకా ఎవరైనా ఉన్నారా?"

హిమజ అబద్ధం ఆడలేదు. "ఊరి పేరు లేకుండా కనుక్కోలేం అమ్మా."

ఆవిడ తలూపి, ఖాళీ కప్పులు తీయడానికి లేచింది. మామ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది.

"ఏటే, ఎక్కడికెల్తన్నావు? మాయమ్మకి అక్కొకర్తి ఉండీది. ఓడెక్కి ఎలిపోయింది. ఆ ముక్కూ, ఆ పొగరూ అచ్చం నీవే! నువ్వు నాకు అక్కవి. ఇన్నేళ్లూ ఒక్క కబురెట్టలేదేటే?"

సరస్వతమ్మ కప్పులు పక్కకు నెట్టేసింది. తర్వాత ఆవిడ గొంతూ లేచింది. "మీరు మాత్రం వచ్చారా? నా పెళ్లికొచ్చారా? నా కొడుకు పెళ్లికొచ్చారా?"

"పిలిత్తే కదా!"

మధ్యాహ్నం దాకా పోట్లాడుకున్నారు. ఆ తర్వాత ఒకే కంచంలో తిన్నారు. వచ్చేటప్పుడు సరస్వతమ్మ మామ్మకు చీర పెట్టి, "మా చెల్లెలు" అని వీధివీధీ తిప్పి చూపించింది.

బస్సు దగ్గర హిమజ నసిగింది. "మామ్మా, నేనిది రాయలేను."

"రాయకు. నీ సదువు నీది, మాయక్క నాది."

నేను ఊరుకుంటానా? "మీయమ్మ ఒక్కగానొక్క కూతురన్నావు. ఈ అక్క జీడిచెట్టుకి కాసిందేటి?"

"కాసింది. అయితే ఏటి?"

"టీసీ మేనల్లుడు కూడా ఆ చెట్టు కాయేనా?"

"మరేటి!"

"మరి నేను?"

మామ్మ నన్ను ఎగాదిగా చూసి, చీర ఉన్న సంచి నా నెత్తిన పెట్టింది.

"నువ్వు నిజం సుట్టానివిరా. అందుకే నీకు మర్యాదల్లేవు. నడు!"