మైలేజ్ అంకుల్ ట్రైలర్, నా హైబ్రిడ్ బండి

ఆ రోజుల్లో అమెరికాలో మా మోరిస్‌విల్‌లో కొత్తగా కనిపించిన తెలుగు కుర్రాణ్ణి మూడు ప్రశ్నలు అడిగేవారు. ఏ కంపెనీ, వీసా ఎంతవరకు వచ్చింది, బండి మైలేజ్ ఎంత ఇస్తుంది. మొదటి రెండింటికీ నా దగ్గర చెప్పుకోదగ్గ జవాబులు లేవు (కంపెనీ పేరు చెబితే "అదెక్కడ?" అనేవారు, వీసా సంగతి చెబితే "అయ్యో" అనేవారు). మూడో ప్రశ్న కోసం మాత్రం ఒంటికాలి మీద ఎదురుచూసేవాణ్ణి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న హైబ్రిడ్ ఎస్‌యూవీ ఒకటి ఉండేది నాకు. గాలన్‌కి ముప్పై నాలుగు మైళ్ళు ఇస్తుందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి. ఆ ముప్పై నాలుగు ఊరికే రాలేదు. అల్లంత దూరంలో ఎర్ర లైటు కనిపించగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, బండిని దాని ఖర్మకి వదిలేసి, దొర్లుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఒకసారి అలా వెళుతుంటే సైకిలు మీద వచ్చిన తెల్లాయన నన్ను దాటి, ఆగి, ఏమైనా సాయం కావాలా అని అడిగాడు. ఫ్రెండ్స్ నా పేరు మర్చిపోయి "హైబ్రిడ్" అని పిలవడం మొదలుపెట్టారు. నేను దాన్ని బిరుదు అనుకున్నాను.

మా ఊళ్ళో నన్ను మించిన ఘనుడు ఒకాయన ఉండేవారు. వరంగల్ వైపు నుంచి వచ్చి ఎన్నో ఏళ్ళ క్రితం స్థిరపడిన పెద్దమనిషి. అందరూ ఆయన్ని మైలేజ్ అంకుల్ అనేవారు. గుడి పార్కింగ్‌లో కనిపిస్తే నమస్కారానికి ముందే మైలేజ్ అడిగేవారు. మొదటిసారి నన్నూ అలాగే నిలబెట్టారు. "ఏం బాబు, బండి ఎంతిస్తది?" అన్నారు. ముప్పై నాలుగు అన్నాను. "ఏసీ తోనా, ఏసీ లేకుండనా?" అన్నారు. లేకుండానే అంకుల్ అన్నాను. "ఆ, గది మాట" అని నా భుజం తట్టారు. ఆయన బండిలో ఏసీ వేయడం ఎవరూ చూడలేదు. ఇంట్లోవాళ్ళు కూడా.

ఆ భుజం తట్టడం నాకెంత ముఖ్యమో చెప్పాలి. ఆయనకో కూతురు. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మా ఆఫీసులోనే పై ఫ్లోర్‌లో పని చేసేది. అప్పటికే మేమిద్దరం పెళ్ళి చేసుకుందామని నిర్ణయించేసుకున్నాం. వాళ్ళ అమ్మకి, అంటే ఆంటీకి, చూచాయగా తెలుసు. అంకుల్‌కి చెప్పడమే మిగిలింది. "డాడ్ నీ రెజ్యూమే చూడరు, జస్ట్ మైలేజ్ చూస్తారు. యు విల్ బీ ఫైన్" అని ఆ అమ్మాయి ధైర్యం చెప్పింది. నేను నిజంగానే ధైర్యం తెచ్చుకున్నాను. తెలివితక్కువతనానికి ఉన్నంత ధైర్యం దేనికీ ఉండదు.

ఆ వేసవిలో అంకుల్ ఒక పాత ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. చక్రాల మీద అగ్గిపెట్టెలా ఉండేది. లోపల ఒక మంచం, ఒక పొయ్యి, ఒక సింకు, నీళ్ళ ట్యాంకు. "ఇల్లే ఎంబడి వస్తుంటె హోటల్‌తోని పనేంది?" అన్నది ఆయన సిద్ధాంతం. ఆష్‌విల్ దగ్గర కొండల్లో ట్రైలర్ నిలుపుకునే క్యాంప్‌సైట్ బుక్ చేసుకున్నారు. తీరా బయల్దేరే వారంలో ఆయన మినీవ్యాన్ మూలబడింది. అప్పుడు ఆ అమ్మాయి, "హైబ్రిడ్ కార్‌కి వెనక హిచ్ ఉంది డాడ్, అడగండి" అని ఒక మాట వేసింది. (మునుపటి ఓనర్ ఆ హిచ్‌కి చిన్న పడవని తగిలించి లాగేవాడట. నేను ఆ కొక్కేనికి కూరగాయల సంచి తగిలించేవాణ్ణి.) అంకుల్ వచ్చి, వంగి, కొక్కేన్ని పట్టుకుని ఊపి చూసి, "ఇది ట్రైలర్‌ను గుంజుతదా?" అన్నారు. గుంజుతుంది అంకుల్ అన్నాను. ఆయన వెళ్ళాక మాన్యువల్ తీసి చదివాను. గుంజుతుందిట. కానీ పరిమితి చాలా తక్కువ. ఖాళీ ట్రైలర్ బరువు పోను ఏదో కాస్త మిగిలింది. ఆ కాస్తలోనే నా పెళ్ళి ఇరుక్కుని ఉంది.

బరువుకి హద్దు ఉందని భయపడుతూ చెబితే అంకుల్ కంగారు పడలేదు సరికదా, మొహం వెలిగిపోయింది. లోపలికి వెళ్ళి ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా తెచ్చారు. అమెరికాలో ప్రతి తెలుగింట్లో ఉండే వస్తువే అది. ఎయిర్‌పోర్ట్‌లో నేల మీద పెట్టె తెరిచి, ఆవకాయ సీసా ఎవరి చేతిలో పెట్టాలో తెలియక నిలబడ్డ అనుభవం లేని కుటుంబం మాలో లేదు కాబట్టి, తూచడంలో మేమందరం ఆరితేరినవాళ్ళం. వాకిట్లో తూకం మొదలైంది. బియ్యం సంచి సగం దించేశారు. మడత కుర్చీలు రెండు వెనక్కి వెళ్ళాయి. ఆంటీ టేబుల్ మీద పెట్టుకునే గ్రైండర్ మోసుకొస్తే అంకుల్ అడ్డం నిలబడ్డారు.

"గుట్టల మీద గ్రైండర్ ఏందే?"

"దోశలు ఎట్ల వెయ్యాలె మరి?"

"పిండి రుబ్బి పట్టుకురా. పిండిని తూస్తం."

పిండిని తూచారు. కుక్కర్‌ని తూచారు. చివరికి ఆయన ఆంటీ వైపు చూస్తే, ఆవిడ "నన్ను తూస్తే మీరే వంట చేస్కోవాలె" అని లోపలికి వెళ్ళిపోయారు. మొత్తానికి అన్నీ హద్దులోనే ఉన్నాయి. గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. అంకుల్ నా పక్క సీట్లో, ఆంటీ, ఆ అమ్మాయి వెనక. నా బండిలో గాలన్‌కి ఎన్ని మైళ్ళు వస్తున్నాయో ఎప్పటికప్పుడు చూపించే చిన్న తెర ఉండేది. అంకుల్ ప్రయాణమంతా రోడ్డు వైపు చూడలేదు, దాని వైపే చూశారు. చదును రోడ్డు మీద ఇరవై రెండు చూపించింది. "ఎనక ఇల్లున్నది గద, నడుస్తది" అని ఆయనే సర్దుకుని, చెయ్యి చాచి ఏసీ బంద్ చేశారు. జూలై నెల. కిటికీ దించబోయాను. "అద్దాలు తెరువకు. లోపటికి గాలి వస్తే బండిని ఎనకకు గుంజుతది, ఇంక తగ్గుతది" అన్నారు. అది నిజమే, నేనూ అందరికీ అదే చెప్పేవాణ్ణి. కాబట్టి మూసిన అద్దాల మధ్య నలుగురం, పులిహోర గిన్నె ఒకటి, ఆవిరి మీద ఉడికాం.

ఆష్‌విల్ ఇంకొంచెం దూరం ఉందనగా ఘాట్ మొదలవుతుంది. అక్కడ నా బండి అసలు రూపం బయటపడింది. తెర మీద బ్యాటరీ బొమ్మ అడుగంటింది. ఇంజన్ గొంతు చించుకుని అరుస్తోంది తప్ప బండి కదలడం లేదు. పెద్ద పెద్ద ట్రక్కులు మమ్మల్ని దాటుకుంటూ, జాలిగా హారన్ కొట్టి వెళ్తున్నాయి. అంకుల్ వేలంపాటని తిరగేసి పాడినట్టు తెర మీద అంకెలు చదవడం మొదలుపెట్టారు. "పదమూడు... పదకొండు... తొమ్మిది." ఆగి నా వైపు తిరిగారు. "ముప్పై నాలుగు అంటివి?"

బరువులన్నీ తూచాం కదా అంకుల్, ఎందుకిలా అవుతోందో నాకూ తెలియడం లేదు అన్నాను. ఆయన మళ్ళీ తెర వైపు తిరిగారు. నా పెళ్ళి ఒక్కో అంకె చొప్పున దిగిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. కాలితో మెల్లగా నొక్కి చూశాను, గట్టిగా నొక్కి చూశాను, లోపల దేవుడికి దండం పెట్టుకుని చూశాను. తొమ్మిది తొమ్మిదే.

అప్పుడు వెనక చూసే అద్దంలో ఆంటీ కనిపించారు. పేపర్ ప్లేటుతో విసురుకుంటున్నారు. నుదుటి మీద కుంకుమ కరిగి ముక్కు దాకా జారింది. ఆ అమ్మాయి "డాడ్, మమ్మీకి బాగా లేదు, సీరియస్లీ" అంది. ఆంటీ మాత్రం "నాకేం కాలే, నాకు అలవాటే. మీరు నడపుండ్రి" అన్నారు. ఆ "అలవాటే" అన్న మాట నన్ను ఎక్కడో పట్టుకుంది. మా అమ్మ కూడా వంటింట్లో ఉక్కపోతకి అదే మాట అనేది. ఇంకో క్షణం ఆలోచించి ఉంటే చేసేవాణ్ణి కాదు. చెయ్యి చాచి ఏసీ వేశాను. చిన్నగా కాదు, చివరి దాకా తిప్పేశాను. "అంకుల్, మైలేజ్ పోతే పోనివ్వండి. ఆంటీ కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నారు" అన్నాను. తెర మీద తొమ్మిది కాస్తా ఏడు అయింది. అంకుల్ మొదటిసారి తెర మీంచి కళ్ళు తీసి కిటికీలోంచి బయటికి చూశారు. ఘాట్ ఎక్కేదాకా అలాగే కూర్చున్నారు. అయిపోయింది, ఇక నాకు ఈ జన్మకి పెళ్ళి లేదు, ఉన్నా ఆ ఇంట్లో లేదు అనుకున్నాను.

పైకెక్కాక రోడ్డు పక్కన చోటు చూసి ఆపించారు. కాటా బయటికి వచ్చింది. ట్రైలర్‌లో సామానంతా గడ్డి మీదకి దించి, ఒక్కోటీ మళ్ళీ తూచాం. పక్కన ఆగిన అమెరికన్ కుటుంబం పిల్లలతో సహా నిలబడి చూసింది. ఆ తల్లి దగ్గరికి వచ్చి అంతా బాగానే ఉందా అని అడిగితే, ఆ అమ్మాయి సిగ్గుతో చచ్చిపోతూ, "జస్ట్ వెయింగ్ ద రైస్" అని ఇంగ్లీషులో ఏదో సర్దిచెప్పింది. సామానంతా నిన్నటి బరువే. అంకుల్ నీరసంగా ఖాళీ ట్రైలర్‌కి ఆనుకున్నారు. అది కొంచెం ఊగింది. లోపల ఎక్కడో బుడబుడమని చప్పుడు.

"గదేంది?" అన్నారు.

ఆంటీ అప్పటికి ఏసీలో తేరుకుని పులిహోర తింటున్నారు. "అవి నీళ్ళు. పొద్దుగాల మీరు స్నానానికి వోయినప్పుడు పైపు వెట్టి ట్యాంకి నిండ నింపిన" అన్నారు.

"ఎందుకు?"

"ఆ గుట్టల నీళ్ళకు పప్పు ఉడకది. మన నీళ్ళయితెనే మంచిగ ఉడుకుతది."

"మరి నిన్న అన్ని తూసేటప్పుడు చెప్పవైతివేందే?"

ఆంటీ ఆయన్ని వింతగా చూశారు. "నీళ్ళను ఎవలన్న తూస్తరా?"

ఇద్దరు ఇంజనీర్లం, కాటా చేతిలో పట్టుకుని నిలబడ్డాం. మా ఇద్దరికీ కూడా నీళ్ళను తూచాలని తోచలేదు కదా. అంకుల్ వంగి ట్యాంకు కింద మూత తిప్పారు. మోరిస్‌విల్ మున్సిపాలిటీ నీళ్ళు కొండవాలులో పారిపోతుంటే ఆంటీ మొహం చూడలేకపోయాను. "ఒక్క కుక్కర్ మందం ఆపుండ్రి" అని బతిమాలి, ఆ కుక్కర్‌ని మిగిలిన దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మర్నాడు క్యాంప్‌సైట్ కుళాయి నీళ్ళతోనే పప్పు వండారు. వెన్నలా ఉడికింది. ఎవరూ ఏమీ అనకముందే ఆవిడే అన్నారు, "మన నీళ్ళు రెండు చుక్కలు కలిపిన, అందుకే" అని.

తిరుగు ప్రయాణంలో అదే ఘాట్ దిగాం. కాలు తీసేస్తే చాలు, బండి దానంతట అదే జారుతోంది. వెనకనుంచి ట్రైలర్ పెద్దమనిషిలా నెడుతోంది. తెర మీద అంకె ఇరవై, నలభై, డెబ్బై దాటి తొంభై తొమ్మిది దగ్గర ఆగింది. అంతకంటే పెద్ద అంకె ఆ తెరకి రాదు. అంకుల్ కెమెరా తీసి, కళ్ళజోడు సర్దుకుని, దాన్ని ఫోటో తీశారు. ఇంటికి చేరాక, ఆ అమ్మాయి ఆ సాయంత్రమే అంకుల్‌కి మా పెళ్ళి సంగతి చెప్పేసింది. ఆయన నన్ను పిలిచి, "ఆదివారం ఇంటికి రా బాబు. మీ అమ్మ నాయనతోని ఫోన్ల మాట్లాడుదం" అన్నారు. తొంభై తొమ్మిదికి మనసులోనే సాష్టాంగ నమస్కారం చేశాను.

ఆ ఫోటో ఇప్పటికీ మా మావయ్యగారి హాల్లో ఉంది. మా పెళ్ళి ఫోటో కంటే కొంచెం పెద్దది. మొన్నామధ్య వాళ్ళింటికి భోజనానికి వచ్చిన కుర్రాడొకడు అదేమిటని అడిగితే, అలవాటుగా గొప్పలు పోయాను. ఇదిగో, ఈ తొంభై తొమ్మిదిని చూసే నాకు పిల్లనిచ్చారు అన్నాను. సోఫాలోంచి మావయ్యగారు నవ్వారు.

"పల్లంల ఎడ్లబండి గూడ ఇస్తది తొంభై తొమ్మిది. నాకు గంత తెల్వదా?"

మరి దేన్ని చూసి ఒప్పుకున్నారు అన్నాను.

"ఎక్కేటప్పుడు ఏసీ వేస్తివి గద" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, వంటింటి వైపు ఒకసారి చూసి, "ఆమె అన్నేండ్లు నా పక్కన చెమటలు తుడుసుకుంట కూసున్నది. అలవాటే అంటె నిజమే అనుకున్న. నేను ఎన్నడు ఎనకకు మర్రి సూడలే. నువ్వు సూస్తివి" అన్నారు. ఎక్కువ మాట్లాడానని ఆయనకే తోచినట్టుంది, వెంటనే గొంతు పెంచి, "అయితె మైలేజ్ తియ్యుట్ల మాత్రం నీ అంత అధ్వాన్నం మా ఖాందాన్ల ఎవ్వలు లేరు" అని ఆ కుర్రాడికి చెప్పారు.

అప్పుడు గమనించాను. హాల్లో ఏసీ చివరి దాకా తిప్పి ఉంది. ఆయన స్వెటర్ వేసుకుని, మెడకి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నారు. వంటింట్లోంచి అత్తయ్యగారు హాయిగా ఏదో కూనిరాగం తీస్తున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో నేను నెమ్మదిగా ఏసీ తగ్గించాను. ఈమధ్య చల్లగాలి తగిలితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. మా ఆవిడ నా చేతి మీద ఒక్కటేసింది. "ఇంకా మైలేజ్ పిచ్చి పోలేదా?" అంది. మైలేజ్ కోసం కాదే, నిజంగానే చలి అన్నాను. నమ్మలేదు. నేనూ గట్టిగా వాదించలేదు. చలికి ఏసీ తగ్గించే ముసలాడిగా కంటే, మైలేజ్ కోసం తగ్గించే ఆ పాత హైబ్రిడ్ కుర్రాడిగా కాసేపు ఉండడమే బాగుంది. ఆవిడ మళ్ళీ చివరి దాకా తిప్పేసింది. నేను చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. బండి ఆవిడే నడుపుతోంది.