పక్కపక్కన రెండు పేజీలు

ఉప్పమ్మ అనేది ఆమె అసలు పేరు కాదు. బావి నీళ్ళలో ఉప్పు మీద ఆరేళ్ళుగా పరిశోధన చేస్తోంది కాబట్టి డిపార్ట్‌మెంట్ అంతా కలిసి తగిలించిన పేరు. నలభై దాటిన మనిషి. పొద్దున కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పి, మధ్యాహ్నం నుంచి ల్యాబ్‌లో సీసాలతో కుస్తీ పట్టేది. కోపం ముక్కు మీదే ఉండేది. అందులో ముప్పాతిక వంతు తన గైడుకే దక్కేది.

దానికి కారణం లేకపోలేదు. మొదటి ఏడాది సెమినార్‌లో ఆయన బోర్డు మీద వేసిన లెక్క తప్పని, బయటి నుంచి వచ్చిన పెద్దల ముందే ఉప్పమ్మ లేచి చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె ఆయనకు కంట్లో నలుసు. ఎదురుపడినప్పుడల్లా "ఏమ్మా, ఇవాళ ఎవరి లెక్కలు దిద్దుతున్నావు?" అని దెప్పేవాడు. ఆమె ఇచ్చిన అధ్యాయాలు ఆయన బల్ల మీద నెలల తరబడి దుమ్ము కొట్టుకుపోయేవి. ఎప్పుడో పిలిచి, "బాగానే ఉంది, భాష కాస్త చూసుకో" అనేవాడు. మూడో అధ్యాయానికైతే "పట్టికలు బాగా వేశావు" అని కూడా అన్నాడు. మూడో అధ్యాయంలో పట్టికే లేదు.

ఆ మాట విన్న సాయంత్రం ఉప్పమ్మ అక్క ఇంటికి వెళ్ళి చిందులు తొక్కింది.

"సీసాలు మోసుకుంటూ బావుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి రాశానే! ఆ మహానుభావుడు ఒక్క పేజీ తిప్పలేదు!"

"చదవకపోతే నీకే నయం కదే. సంతకం పెట్టించుకుని బయటపడు" అంది అక్క.

అక్క ఊరికే అన్న మాట ఉప్పమ్మ మనసులో తిష్ట వేసుకుంది. నాలుగో అధ్యాయం ఊరికి తూర్పున ఉన్న బావుల గురించి. ఆమె అక్కడికి వెళ్ళనే లేదు. పడమటి బావుల గురించి రెండో అధ్యాయంలో చెమటోడ్చి రాసినదాన్నే తెచ్చి, పడమర అన్నచోటల్లా తూర్పు అని మార్చింది. అంకెల్ని కాస్త అటూ ఇటూ జరిపింది. చదివే దిక్కు లేనిదానికి ఇదే ఎక్కువ అనుకుంది.

తీరా యూనివర్సిటీ కొత్త నిబంధన తెచ్చింది. మొత్తం చదివానని గైడు రాసిస్తేనే థీసిస్ తీసుకుంటారట. రిటైర్మెంట్ ముంగిట ఉన్న గైడుకి గుబులు పట్టుకుంది.

"చదవందే సంతకం పెట్టను. ఆ సన్న అక్షరాలు చూస్తే నాకు కళ్ళు లాగుతున్నాయి. ఏం చేస్తావో చేసుకో" అని చేతులు దులుపుకున్నాడు.

వచ్చే నెలాఖరు దాటితే ఉప్పమ్మ రిజిస్ట్రేషన్ రద్దు. పట్టా లేకపోతే ఆ కాంట్రాక్టు ఉద్యోగం కూడా ఊడుతుంది. అదే సమయంలో డిపార్ట్‌మెంట్ ఆయనకు తెర మీద చదువుకునే ఈ-రీడర్ ఒకటి మంజూరు చేసింది. ఎంచి తెచ్చే పని కూడా ఆయన ఆమె నెత్తినే రుద్దాడు.

"లెక్కలు బాగా వచ్చుగా, నువ్వే చూసి తీసుకురా."

ఉప్పమ్మ పళ్ళు నూరుకుంటూ వెళ్ళింది. ఆయనకు మిగిలిన ఆ ఒక్క సాకునీ లాగి పారెయ్యాలని ఆమె పంతం. ఆ పంతంలో నాలుగో అధ్యాయం సంగతి పూర్తిగా మరిచిపోయింది.

షాపతను అరచేతిలో పట్టే చిన్నది తీసి, ఏదో కథ తెరిచి చూపించాడు. "అక్షరం ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు మేడమ్. అందరూ ఇదే తీసుకెళ్తున్నారు."

ఆమె తన థీసిస్ అందులో ఎక్కించింది. పేజీ మొత్తం కుదించుకుపోయి అక్షరాలు చీమల్లా కనిపించాయి. పెంచితే సగం వాక్యం అంచు దాటి పోయింది. పట్టికలో శీర్షిక చూస్తే అంకెలు కనబడవు, అంకెలు చూస్తే శీర్షిక కనబడదు.

"కథలు చదువుకోవడానిక్కాదయ్యా ఇది! ఇలా లాగుతూ కూర్చోమంటే ఆయన నా ప్రాణం తీస్తాడు" అని విసుక్కుంది.

పెద్ద టాబ్లెట్ ఒకటి తీసుకెళ్ళి చూపిస్తే, "కళ్ళలోకి టార్చిలైటు కొడుతున్నావేంటి?" అని గైడు ఒంటికాలి మీద లేచాడు. కాగితంలా కనిపించే తెర ఉన్నదాన్ని తెస్తే, "పేజీ తిరిగేలోపు నేను రిటైరైపోతా" అన్నాడు. ఆమెను ఏడిపించడానికే ఇదంతా అనుకుంది ఉప్పమ్మ. ఆఖరికి నిండు కాగితమంత తెర, కాగితంలాగే మెరుపు లేనిది, తేలికైనది, చకచకా పేజీలు తిరిగేది పట్టుకొచ్చి ఆయన ముందు పడేసినంత పని చేసింది.

ఆయన దాన్ని ఎత్తి ఎడమ కంటి దగ్గరగా పెట్టుకున్నాడు. తల పక్కకి వంచాడు. పెదవులు కదులుతున్నాయి. చాలాసేపు ఏ వంకా పెట్టలేదు. అప్పుడు అర్థమైంది ఆమెకి, ఆయనకు ఇన్నాళ్ళూ నిజంగానే కనిపించలేదని. జాలి పడాల్సింది, పడలేదు. ఆ ముక్క నోరు తెరిచి చెప్పడానికి ఏం రోగమని ఒళ్ళు ఇంకా మండింది.

"ఇది కూడా చూడండి సార్. తెరని రెండుగా చేసుకోవచ్చు. ఇటొక పేజీ, అటొక పేజీ. పట్టికా, దాని వివరం పక్కపక్కనే పెట్టుకుని చదవొచ్చు" అని ఆయన వేలు పట్టి నొక్కించినంతగా నేర్పింది. ఇక ఏ సాకు చెబుతాడో చూద్దామని గెలిచిన మొహంతో బయటికొచ్చింది.

వారం తిరక్కుండా కబురొచ్చింది.

"తలుపెయ్యి" అన్నాడు గైడు. ఈ-రీడర్‌ని ఆమె వైపు తిప్పాడు. "ఇటు రెండో అధ్యాయం, అటు నాలుగోది. చదువు."

పక్కపక్కన రెండు పేజీలు. పడమటి బావిని ఆనుకుని లాండ్రీ ఉంది, అందులోని సబ్బు నీరు బావిలోకి ఇంకుతోంది అని ఒక పేజీ. తూర్పు బావిని ఆనుకుని లాండ్రీ ఉంది, అందులోని సబ్బు నీరు బావిలోకి ఇంకుతోంది అని రెండో పేజీ.

"ఆ లాండ్రీ తూర్పుకి ఎప్పుడు మారిందమ్మా?"

ఉప్పమ్మ తేలుకుట్టిన దొంగలా నిలబడింది. మరుక్షణం ఎదురు తిరిగింది.

"మీరు మాత్రం? లేని పట్టికల్ని మెచ్చుకోలేదూ? చదవకుండానే చదివానన్నారు. వెళ్ళి పైవాళ్ళకి చెప్పనా?"

"చెప్పు. వెళ్ళేటప్పుడు దీన్ని కూడా పట్టుకెళ్ళి చూపించు" అన్నాడు, తెర మీద వేలితో తడుతూ.

ఇద్దరూ గుడ్లురుముకున్నారు.

"కనిపించేది కాదు. నీకు చెబితే, ఆ రోజు లెక్క తప్పని చెప్పినట్టే నలుగురి ముందూ చెబుతావని చెప్పలేదు" అన్నాడు చివరికి.

ఆ మాట నిజమే. చెప్పి ఉండేదే.

"రెండో అధ్యాయం బాగుంది" అన్నాడు ఆయన మళ్ళీ. "బాగుంది కాబట్టే దొరికిపోయావు. అలాంటి వాక్యం ఒకసారి చదివితే మరిచిపోం. నాలుగోదాంట్లో కనపడగానే దొంగసొత్తని తెలిసిపోయింది."

ఆరేళ్ళుగా ఆ నోటి నుంచి ఆ మాట కోసమే ఎదురుచూసింది. దొంగసొత్తన్న మాటతో కలిపి వస్తుందని మాత్రం అనుకోలేదు.

"సంతకం పెట్టకపోతే నా ఉద్యోగం పోతుంది సార్."

"పోతుంది. నెలాఖరు దాకా గడువుంది, బావులు ఎక్కడికీ పోలేదు."

ఉప్పమ్మ విసురుగా తలుపు దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగింది.

"రాసి తెస్తాను. ఒక్క అక్షరం వదలకుండా చదవాలి మీరు."

"వదిలితే నువ్వు ఊరుకునేదానివా?" అన్నాడు ఆయన, అప్పటికే తెర మీదికి తల వంచేసి.

తలుపు ధడాలుమంది. వరండా పొడవునా ఆయన్ని నోరారా తిట్టుకుంటూ ల్యాబ్‌కి వచ్చింది. పై అరలోంచి ఖాళీ సీసాలు దించి కడిగింది. ఒక్కోదాని మీదా చీటీ అంటించి తూర్పు అని రాసింది. ఆ మాట ఇదివరకు చాలాచోట్ల రాసింది. సీసా మీద రాయడం మాత్రం అదే మొదలు.