వెండి బరిణెలోని పొగాకు

మా భూములన్నీ ఓపెన్‌కాస్ట్ గనిలో కలిశాక, కమాన్‌పూర్ వైపు మాకు మిగిలింది ఒక్క ఎకరం మెట్ట చెలక. దాని పక్క స్థలాన్ని అప్పటికే ఒక కాంట్రాక్టరు బొగ్గు లారీలకు అడ్డాగా మార్చాడు. మా ఎకరం మీదా వాడి కన్ను ఉండేది; అమ్మమని రెండుసార్లు ఇంటికొచ్చాడు. రెండు పంటలు పోతే దాన్ని వాడికి అమ్ముకోక తప్పదు, అదీ లారీల కిందికే పోతుంది. తెలంగాణ వచ్చే ముందటి సంవత్సరాలవి. టమాట వేశాం.

ఆ తోటకు పెత్తనం మా చిన్నాయనది. తాతల సొత్తులో ఆయన పోగొట్టకుండా ఉంచింది ఒక్క వెండి బరిణె. అందులో పొగాకు, సున్నం. కూలివాళ్ళను మొక్క ముట్టనిచ్చేవాడు కాదు. “మోటు చేతులు. మొక్కను పట్టుకునే తమీజ్ ఉండదు” అనేవాడు. పొగాకు అరచేతిలో నలిపి నోట్లో వేసుకుని, అదే చేత్తో పక్కకొమ్మలు తుంచుతూ, మొక్కల్ని ఊతకర్రలకు కడుతూ వరుసల వెంట నడిచేవాడు. జీవితంలో ఆయన చేసిన పని అదొక్కటే. దాన్నీ దర్బారులా చేసేవాడు.

పూత సమయానికి ఆకుల మీద పసుపు మచ్చలు తేలాయి. కొత్త ఆకులు సన్నగా, దారాల్లా సాగాయి. చిన్నాయన వెంటనే తీర్పు చెప్పాడు: గట్టు మీదుగా షిఫ్టుకు పోయే బొగ్గుబాయి పనివాళ్ళదే తప్పు. గనిలో నిప్పు ముట్టించకూడదు గనుక వాళ్ళు పొగాకు నములుతారు.

“వాళ్ళ ఉమ్ములతోనే తోట ఖరాబైంది” అన్నాడు, బరిణె మూత తీస్తూ.

మందుల దుకాణంవాడు వారం వారం కొత్త డబ్బా అంటగట్టాడు. “ఫికర్ చెయ్యకున్రి దొరా, ఇది గట్టి మందు” అనేవాడు. తోటలో పురుగే లేదు. వాడు పురుగుమందు అమ్ముతూనే ఉన్నాడు.

చివరికి వ్యవసాయాధికారిణి వచ్చింది. ఆకును ముట్టకుండా వంగి చూసింది.

“ఇది వైరస్. దీనికి మందు లేదు. గాలికి రాదు, పురుగు మొయ్యదు. ఎండిన తంబాకుల ఏండ్లకేండ్లు బతుకుతది. చేతికంటి, తుంచిన గాయంలకెళ్ళి మొక్కలకు పోతది. ఊతకర్రల మీద, రాలిన ఆకుల్ల, బట్టల మీద కూడ ఉంటది. తంబాకు తినేటోళ్ళు ఎవరు ముట్టిన్రు వీటిని?”

గట్టు మీద నడిచినవాళ్ళలో ఒక్కడూ మొక్కను ముట్టలేదు. మా కూలీ ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నాయన బరిణె జేబులో వేసుకుని, “చదువుకున్నోళ్ళకు పెద్దోళ్ళంటే లెక్కలేదు” అని లేచిపోయాడు.

పంట పోయింది. అమ్మ గొలుసు అమ్ముకుని ఆ ఏడు గడిపాం. మొక్కలు పీకించి, ఊతకర్రలతో సహా కాల్పించాను. ఆ చెలకలో ఒక కారు ఆ తెగులు సోకని మక్కజొన్న వేసి, తర్వాత మళ్ళీ టమాట నారు పెట్టించాను. ఇది పోతే ఎకరం పోయినట్టే. అందుకని కంచె తలుపు దగ్గర బకెట్టు నీళ్ళు, సబ్బు పెట్టించాను.

“చిన్నాయనా, ఆ బరిణె బయట పెట్టి, చేతులు కడుక్కొని రాన్రి.”

“నా చెల్కల నాకు సబ్బా? కూలోళ్ళ ముంగట?”

“వాళ్ళు కడుక్కునే లోపలికి పోయిన్రు.”

“రాన్రి దొరా, సబ్బు మంచిగ వాసనొస్తున్నది!” అని లోపలి నుంచి ఆ కూలీ కేకేసింది.

ఆయన అక్కడే నిలబడి పొగాకు నలిపి, నోట్లో వేసుకుని వెనక్కి తిరిగాడు. మళ్ళీ ఆ తోటలో అడుగు పెట్టలేదు. కంచె అవతల కుర్చీ వేయించుకుని, పోయే లారీలను చూస్తూ, మొక్కలు ఎట్లా కట్టాలో లోపలున్నవాళ్ళకు అరిచి చెప్పేవాడు. ఎవరూ వినలేదు.

కాపు బాగా దిగింది. గని కార్మికులుండే సెంటినరీ కాలనీ క్వార్టర్ల సందుల్లో గంపలు పెట్టి, తల వంచుకోకుండా నేనే అమ్మాను. అక్కడివాళ్ళు ప్రతి కాయనూ బొటనవేలితో నొక్కి చూసి గాని కొనరు. నొక్కనిచ్చాను. కాంట్రాక్టరు మళ్ళీ మా గడప తొక్కలేదు.

మిగిలిన కాయలతో అమ్మ కూర వండింది. చిన్నాయన సబ్బు వాసన వస్తోందన్నాడు. అంటూనే రెండోసారి వడ్డించుకున్నాడు.