ఐదున్నర గంటల తేడా

జనగామలో మా చిన్నమ్మ ఇంటికి తాళం పడింది ఒక టైం వల్ల. చిన్నాయన పోయినప్పుడు ప్రైవేటు దవాఖాన ఇచ్చిన కాగితంలో మధ్యాహ్నం పన్నెండున్నర అని ఉంది. డాక్టర్ బయటికొచ్చి చెప్పింది మాత్రం సాయంత్రం ఆరింటికి. అచ్చులో కాగితం ఉండగా నోటిమాట ఎవరు నమ్ముతారు? పోయిన మనిషిని అంతసేపు లోపలే దాచిపెట్టారని అందరం తిట్టుకున్నాం, అందరికంటే ఎక్కువ నేనే తిట్టాను. అయ్యగారు పంచాంగం తిప్పి, పన్నెండున్నరకు రేవతి ఇంకా వెళ్లలేదన్నారు. ఆ నక్షత్రంలో పోతే ఇల్లు కొన్ని నెలలు పాడుపెట్టాలని మావాళ్ల పట్టింపు. అందరూ పక్క వీధిలో అద్దెకు దిగారు. చిన్నమ్మకు ఆ ఇల్లే లోకం. ఎప్పుడు తీస్తారు, ఎప్పుడు తీస్తారని కనపడినవాళ్లనల్లా అడిగేది.

ఆ నెలల్లోనే ఆ దవాఖాన నుంచి నాకు పిలుపొచ్చింది. ఉండేది భూపాలపల్లి, కంప్యూటర్లు బాగుచేస్తూ జనగామ, మహబూబాబాద్ తిరగడం నా పని. వాళ్ల కంప్యూటర్‌లో టైం వెనక్కి పోతుందట, మళ్లీ దానంతటదే సరవుతుందట. కౌంటర్లో కూర్చునే అమ్మాయి దయ్యం పట్టిందంది. నాకు ఒళ్లు మండింది. లోపలి గడియారం సెల్ అయిపోతే దయ్యం ఏం చేస్తుంది? కొత్త సెల్ వేసి మహబూబాబాద్ వెళ్లిపోయాను. తెల్లారి మళ్లీ ఫోన్.

రెండోసారి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. అందులో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి, బిల్లులకూ, పేషెంట్లకిచ్చే కాగితాలకూ ఒకటి, స్కానింగ్‌కు ఒకటి. ఒక ఒరలో రెండు కత్తులు. లోపలి గడియారంలో ఒకటి గ్రీనిచ్ టైం రాసిపెడుతుంది, రెండోది దాన్నే మన టైం అనుకుని చదువుతుంది. నెట్ ఉంటే కాసేపటికి సర్దుకుంటుంది. నెట్ తీగ పీకి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చి చూశాను. టైం ఐదున్నర గంటలు వెనక్కి పోయింది.

ఆరులోంచి ఐదున్నర తీసేస్తే పన్నెండున్నర. చిన్నాయన పోయిన రోజు రికార్డు తెరిచి చూస్తే, ఆ రోజంతా నెట్ లేదు. రెండు సిస్టమ్‌లూ గడియారాన్ని ఒకేలా చదివేటట్టు సరిచేసి, అయ్యగారికి ఫోన్ చేశాను. ఆరింటికైతే రేవతి దాటింది, ఏ దోషమూ లేదన్నారు.

పరుగున వెళ్లి చిన్నమ్మకు చెప్పాను. డాక్టర్ మాటే నిజమని, ఇక ఇంటికి పోవచ్చని. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సంతోషిస్తుందనుకున్నాను. చేతులు ఆగిపోయాయి.

"మూడింటికి నన్ను ఒక్కదాన్నే లోపటికి తోలిండ్రు గద బిడ్డా. అప్పటికి పానం ఉన్నట్టేనా?"

ఉన్నట్టే అన్నాను.

"గా పైపులు సూడలేక, ఇగ సాలు, నువ్వు పో అన్న. కాగితం జూసినంక, శవమే గద, ఏం వింటదని మనసుకు జెప్పుకున్న. మరి విన్నడా?"

స్పృహ లేదు కదా, వినపడి ఉండదన్నాను. నాకే నమ్మకం లేదు, ఆమెకేం ఉంటుంది? ఆ రాత్రి నుంచి ఆ ప్రశ్న నన్నూ పట్టుకుంది.

తాళం తీశారు. ఇల్లు కడిగి, కొడుకూ కోడలూ వెళ్లిపోయారు. ఎంతమందిమి బతిమాలినా చిన్నమ్మ మాత్రం కదల్లేదు. ఇప్పటికీ ఆ అద్దెగదిలోనే ఉంటోంది.