ఎడమ చెవిలో వినబడిన మాట: డాలస్ నుంచి ఆస్టిన్‌కి, కొత్త ఇయర్‌ఫోన్లతో

ఈ ప్రయాణానికి కారణం ఒక అట్టపెట్టె. మూడు వారాల క్రితం ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు నా పేరుతో దిగింది. విప్పితే లోపల అరచేతిలో ఇమిడే తోలు డబ్బా, అందులో చెవిలో దూర్చుకునే వైరు ఇయర్‌ఫోన్లు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు అచ్చేసిన చిన్న కార్డు. "అయ్యగారికి, మీ మెసేజ్‌లు ఎడిట్ చేసుకోవడానికి. జీవన్, సునీత." ఆ పేర్లు చదివి నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

నన్ను ఎరగనివాళ్ల కోసం చెప్తాను. వారమంతా నేను ఒక ఇండియన్ గ్రోసరీ షాపులో మేనేజర్ని. ఆదివారం సాయంత్రం ఒక అద్దె హాల్లో నలభై మందికి వాక్యం చెప్తాను, ఆ ప్రసంగాన్నే మావాళ్లు మెసేజ్ అంటారు. ఏ బైబిల్ కాలేజీ గుమ్మమూ తొక్కలేదు. చదివిందీ నేర్చిందీ నా అంతట నేనే. గొంతు పెద్దది. మైకు ఇస్తే ఇంకా పెద్దది. జీవన్ మా ఆదివారం సహవాసంలో మూడేళ్లు సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చున్న అబ్బాయి, ఖమ్మం వాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఐదు నెలల క్రితం ఒక ఆదివారం కూటం అయిపోగానే భార్య సునీతతో వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆస్టిన్ మారిపోయారని తర్వాత ఎవరో చెప్పారు. ఫోన్ చేస్తే ఎత్తడు. "తర్వాత మాట్లాడతా అయ్యగారూ" అని మెసేజ్ మాత్రం వచ్చేది.

కారణం నాకు తెలుసనే అనుకున్నాను. ఆ ఆదివారం అతను కూటమంతా ఫోన్ చూస్తూ ఉన్నాడు. పైగా చెప్పకుండా నా మైకు ఎకో తగ్గించాడు. నేను ప్రసంగం ఆపి, అందరి ముందూ, "ఆ ఫోన్ పక్కన పెట్టి ఎకో పెంచు బ్రదర్, దేవుని పని దేవుని పనిలాగా చెయ్యి" అన్నాను. రోషం వచ్చి వెళ్లిపోయాడు, మందలింపు తట్టుకోలేని తరం అనుకున్నాను. మరి అలిగినవాడు కానుక ఎందుకు పంపినట్టు? సునీతకి ఫోన్ చేస్తే ఎత్తింది. ఆర్డర్ ఆ ఆదివారానికి ముందే పెట్టారట. చేత్తో తయారుచేస్తారు కాబట్టి ఇన్ని నెలలు పట్టిందట. "శనివారం భోజనానికి రండి అయ్యగారూ" అంది. థాంక్స్ చెప్పాలి. ఎందుకు వెళ్లిపోయావని అడగాలి. ఆ అబ్బాయి నాకు ఇంకా మిగిలాడో లేదో తేల్చుకోవాలి. అందుకే బయల్దేరాను.

శనివారం కారు నా భార్యకి కావాలి, ఆమెకి ఫార్మసీలో డ్యూటీ. అదీకాక రెండు చెవులూ మూసుకుని హైవే మీద డ్రైవ్ చేయడం మంచిది కాదు. కాబట్టి బస్సు. ఇర్వింగ్ స్టేషన్‌లో ఎనిమిదింటి రైలు ఎక్కితే అరగంట లోపే డాలస్ డౌన్‌టౌన్, టికెట్ మూడు డాలర్లు. అక్కడి నుంచి బస్సు స్టాపుకి పది నిమిషాల నడక. శనివారం రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే బస్సు కూడా తప్పినట్టే, టైం ముందే చూసుకోండి. తొమ్మిదింబావు బస్సుకి నాలుగు రోజుల ముందు బుక్ చేస్తే ముప్ఫై నాలుగు డాలర్లు పడింది. దారిలో ఒక చోట ఆగుతుంది, పన్నెండూ యాభైకి ఆస్టిన్ చేరుస్తుంది. ఇంజన్ మోత వెనక ఉంటుంది, ముందు సీట్లు తీసుకోండి. నేను మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చున్నాను.

మూడు వారాలుగా ఆ డబ్బా మూత తీసి చూడడమే గాని చెవిలో పెట్టుకోలేదు. మనసు ఒప్పలేదు. బస్సు కదిలాక పెట్టుకున్నాను. ముదురు నీలం లోహపు గుండ్లు, పెద్ద చింతగింజంత. ఒక్కోదానిలో ఆరేసి బుల్లి స్పీకర్లు ఉన్నాయట. వైరు చెవి పైనుంచి వెనక్కి తిప్పి పెట్టుకోవాలి. మొదట తలకిందులుగా పెట్టుకున్నాను. నేటి ఫోన్లకి వైరు దూర్చే చోటు ఉండదు కదా, దానికి బొటనవేలంత అడాప్టర్ కూడా డబ్బాలోనే ఇచ్చారు. బ్లూటూత్ లేదు, మైకు లేదు, బటన్లు లేవు. వినడం తప్ప ఇంకేమీ చేయలేని వస్తువు. ధర నెట్‌లో చూశాను, తొమ్మిది వందల డాలర్ల దగ్గర ఉంది. మా ఇంట్లో ఇంకా చెప్పలేదు.

మొదటి గంట నిరాశే. పాట పెడితే పల్చగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది. ఇంత డబ్బు పోసి ఇదా అనుకుని, వాల్యూమ్ చివరిదాకా పెంచి కళ్లు మూసుకున్నాను. ఇంతలో ఎవరో భుజం తట్టారు. చూస్తే డ్రైవర్, అరవై దాటిన నల్లజాతి పెద్దావిడ. బస్సు ఆగి ఉంది. సగం దారిలో ఉండే వాకో ఊరు ఇంకా రాలేదు, దానికి ముందు ఒక పెట్రోల్ బంకు దగ్గర ఇరవై నిమిషాల విరామం.

"మూడుసార్లు పిలిచాను సార్," అంది ఇంగ్లీషులో, నవ్వుతూ. "అందరూ దిగారు, మీరొక్కరే మిగిలారు."

సారీ చెప్పాను. బైబిల్లో, మందిరంలో పడుకున్న బాలుణ్ణి దేవుడు ఎన్నిసార్లు పేరు పెట్టి పిలిచాడో నేను పిల్లలకి వేళ్లు మడిచి మరీ నేర్పుతాను. నన్ను పిలిస్తే ఇదీ నా సంగతి. ఆ బంకులోనే చెక్ దేశం నుంచి వచ్చినవాళ్ల బేకరీ ఒకటి ఉంది, కొలాచీలు అమ్ముతారు. మెత్తటి బన్ను మధ్యలో గుంట చేసి పండ్ల జామ్ నింపుతారు. గల్లాలో ఉన్నావిడ ఆప్రికాట్‌ది తీసుకోమంది, కాఫీతో కలిపి ఐదు డాలర్ల లోపే. నా మెడలో వేలాడుతున్న వైరు చూసి, తన కొడుకు డ్రమ్స్ వాయిస్తాడని, వాడికీ ఇలాంటివే ఉన్నాయని చెప్పింది. చెవికి సరిపోయే రబ్బరు తొడుగు పెట్టుకోకపోతే అవి దండగట. డబ్బాలో మూడు సైజులు ఉంటాయి, మీకు ఏది పట్టింది అని అడిగింది. నేను మార్చి చూడనేలేదు. బస్సెక్కి మధ్య సైజు తీసి పెద్దది వేశాను.

అప్పుడు పాట తెరుచుకుంది. అతిశయంగా చెప్పడం నాకు అలవాటే, ఇది మాత్రం అతిశయం కాదు. బస్సు మోత తలుపేసినట్టు ఆగిపోయింది. కింది స్వరాలు గుండెకి తగులుతున్నాయి గాని చెవిని కొట్టడం లేదు. ఆడవాళ్ల గొంతులో 'స', 'ష' గుచ్చుకోకుండా పలికాయి. అన్నిటికన్నా ఆశ్చర్యం, ఏ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో వేలు పెట్టి చూపించవచ్చు. మా సహవాసం పాట ఒకటి పెట్టాను. కంజిర కుడివైపు, ఢోలక్ మధ్యలో, ఎడమవైపు వెనక బెంచీలో ఎవరో అర తాళం ఆలస్యంగా చప్పట్లు. ఈ పాట ఫోన్ స్పీకర్లో వందసార్లు విన్నాను, ఆ ఆలస్యం చప్పట్లు ఎన్నడూ వినలేదు.

ఇక నా గొంతు వినాలనిపించింది. రోజూ పొద్దున పాత ప్రసంగంలోంచి ఐదు నిమిషాల ముక్క కత్తిరించి గ్రూపులో పెడతాను. మర్నాటి ముక్క కోసం ఫోన్‌లో వెతుకుతూ ఆ ఆదివారం రికార్డింగ్ దగ్గరే వేలు ఆపాను. జీవన్‌ని ఏమని మందలించానో ఒకసారి విని, అతని ముందు నా వాదన గట్టిగా పెట్టుకుందామని. నిజం ఇదే, దాచను.

ముందు నా ఎకో విన్నాను. తెలుగు కూటాల సంగతి మీకు తెలుసు, ఎకో లేకపోతే ప్రసంగంలో అభిషేకం, అంటే దేవుని శక్తి, లేదనుకుంటాం. మంచి ఇయర్‌ఫోన్లలో అది ఎలా ఉంటుందంటే, ఒక మాట పూర్తికాకముందే దాని తోక వచ్చి తర్వాతి మాట మీద కూర్చుంటుంది. నాకే నా మాట తెలియలేదు. ఆ రోజు చెప్పింది దారి పక్కన కూర్చున్న గుడ్డివాడి గురించి. అతను ప్రభువుని కేకవేస్తాడు, చుట్టూ ఉన్న జనం నోరు మూసుకోమంటారు, ప్రభువు మాత్రం నడక ఆపి అతన్ని పిలిపిస్తాడు. ఆ జనాన్ని నేను నిప్పులు కురిపించి తిట్టాను. తర్వాత ప్రార్థన మనవుల సమయం. "ఎవరికైనా మనవులున్నాయా" అని నా గొంతు, దాని వెనక ఎకో. ఆ ఎకో ఆరేలోపే "ప్రార్థన చేద్దాం" అని మళ్లీ నా గొంతు.

ఆ రెండిటి మధ్య, ఎడమ చెవిలో, చాలా దగ్గరగా ఒక మాట.

"అయ్యగారూ, ఒక్కటుంది."

రికార్డర్ ఎప్పుడూ మిక్సర్ బల్ల మీదే ఉండేది, జీవన్ మోచేతి పక్కన. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. నేను గొంతెత్తి ప్రార్థిస్తున్నాను, హాలంతా ఆమెన్ అంటోంది, దాని కింద అదే గొంతు ఇంకోసారి, "అయ్యగారూ." తర్వాత సునీత మాట, "చెప్పు, ఆపి చెప్పు." తర్వాత అతను, "వద్దులే. ఆయనకి వినబడదు."

కిటికీ బయట పొలాలు, గాలిమరలు, పెట్రోల్ ధరల బోర్డులు పోతున్నాయి. ఆ ముక్క ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు. గుహ ముందు నిలబడ్డ ప్రవక్త గురించి కూడా నేను ప్రసంగించాను. సుడిగాలి అయింది, భూకంపం అయింది, అగ్ని అయింది, చివర వచ్చిన మెల్లని స్వరంలో దేవుడు ఉన్నాడు. దాన్ని చెప్పడానికి నేను వాడింది సుడిగాలి గొంతు. జీవన్‌ని అడగాలని ఇంటి దగ్గరే నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. మడిచి కొలాచీ సంచిలో పడేశాను.

బస్సు ఐదు నిమిషాలు ముందే చేరింది. జీవన్ కారుతో వచ్చి నిలబడి ఉన్నాడు, కాస్త చిక్కాడు. బ్యాగు తీసుకుని, ప్రయాణం బాగా జరిగిందా అని అడిగి, కారు తీశాడు. హైవే ఎక్కాక నేనే అన్నాను.

"ఆ రోజు నువ్వు రెండుసార్లు పిలిచావు. నేను వినలేదు."

అతను అద్దంలో వెనక బండ్లని చూస్తున్నట్టు ఉన్నాడు. దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది.

"ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వు పంపినవే చెప్పాయి."

ఆ మీదట ఇల్లు చేరడానికి పావుగంట ఎక్కువ పట్టింది. సునీత పప్పుచారు, కోడి వేపుడు చేసింది. భోజనం దగ్గర జీవన్ చెప్పాడు. ఆ ఆదివారానికి మూడు రోజుల ముందు ఉద్యోగం పోయింది. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్లకి సంగతి తెలుసు, అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేదా పెట్టె సర్దాలి. వారాంతంలో మెయిల్ చేస్తానని ఒక రిక్రూటర్ చెప్పాడు, అందుకే చేతిలో ఫోన్. ఇంటికీ స్నేహితులకీ చెప్పకముందు ప్రార్థన చేయించుకుందామని వచ్చాడు. ఎకో ఎందుకు తగ్గించావంటే, తన గొంతు చిన్నది గనక, అడిగినప్పుడు నాకు వినబడాలని అన్నాడు. యాభై మూడో రోజున ఆస్టిన్‌లో ఉద్యోగం దొరికింది. ఈ సంగతి రాయమని అతనే అన్నాడు, ఆ రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లు ఎవరైనా చదువుతారని.

మధ్యలో నాలుగుసార్లు నోరు తెరిచాను. ఓదార్చడానికి ఒక వాక్యం, ధైర్యానికి ఇంకో వాక్యం నాలుక మీదికి వచ్చాయి. నాలుగుసార్లూ మూసుకున్నాను. సునీత అన్నం వడ్డిస్తూ నా వైపు చూసింది.

"ఏంటి అయ్యగారూ, ఎకో మెషిన్ ఇర్వింగ్‌లో మర్చిపోయి వచ్చారా? ఇంత నిమ్మళంగా ఉన్నారు."

ముగ్గురం నవ్వాం. తర్వాత నేను ఆ అబ్బాయిని క్షమాపణ అడిగాను. మళ్లీ మనం కలిసి పని చేస్తామా అంటే, ఇక్కడ దగ్గర్లో ఒక సహవాసానికి వెళ్తున్నామని నిజమే చెప్పాడు. "కానీ ఆదివారం రికార్డింగ్‌లు పంపండి. ఎకో తీసి ఇస్తా," అన్నాడు. "ముందు మీరే ఎకో తగ్గించి నా చెవుల మీద కాస్త జాలి పడండి."

బయల్దేరే ముందు ప్రార్థన చేయమన్నారు. మనవులున్నాయా అని అడిగి, మనసులో పదిదాకా లెక్కపెట్టాను. ఫ్రిజ్ మోగుతోంది. ఐదు, ఆరు. జీవన్ కాళ్లు కదిపాడు. తొమ్మిది దగ్గర సునీత ఒక మాట చెప్పింది. అది వాళ్లది, ఇక్కడ రాయను. జీవన్ కూడా దాన్ని అప్పుడే మొదటిసారి వింటున్నట్టు తల ఎత్తి చూశాడు. ఆ చిన్న గదికి సరిపడా గొంతుతోనే ప్రార్థన చేశాను. ఐదున్నర బస్సు, ఇరవై తొమ్మిది డాలర్లు. ఈసారి జీవన్ ఎగ్జిట్ దాటలేదు.

తిరుగు ప్రయాణంలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేదు, డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పాతికేళ్లుగా నేను చెప్పడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పకపోయినా నేర్చుకున్నానని గర్వపడ్డాను కూడా. వినడం నేర్చుకోవాలని తోచలేదు. ఎదుటివాళ్లు మౌనంగా ఉంటే ఒప్పుకున్నారనుకున్నాను, వెళ్లిపోతే తిరగబడ్డారనుకున్నాను. నన్ను పిలిచి పిలిచి వదిలేసినవాడు ఆ పిలుపు నాకు వినబడే వస్తువుని, తెలియకుండానే, ఆర్డర్ పెట్టి ఉంచాడు. మర్నాడు ఆదివారం కూటంలో ఎకో నాబ్ నా చేత్తో నేనే సున్నాకి తిప్పాను. మొదటి పది నిమిషాలు నా గొంతు నాకే బోసిగా అనిపించింది. తర్వాత వెనక బెంచీలో ఒక పెద్దావిడ మనవి చెప్పడానికి చెయ్యెత్తింది.

ఇలాంటివి కొని ప్రయాణానికి బయల్దేరేవాళ్లకి ఒక సలహా. ఇంట్లోనే మూడు సైజుల తొడుగులూ మార్చి చూసుకుని, వాల్యూమ్ సగానికి మించకుండా పెట్టండి. సగంలో వినబడకపోతే వాల్యూమ్ పెంచకండి, చెవిని సరిచేసుకోండి.