మిట్టమధ్యాహ్నం ఆగిపోయే చెరుకు మిషను

నరసన్నపేట దగ్గర హైవే పక్కన జగన్నాధానికి ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో అతను లారీల రేడియేటర్లు బాగుచేస్తాడు. మీసాలు సరిగా రాకముందు మొదలుపెట్టిన పని, మీసాలు నెరిసినా అదే. డ్రైవర్ల పేర్లు మర్చిపోతాడు గాని, ఏ లారీ రేడియేటరు ఎక్కడ కారిందో, తాను ఎక్కడ మాటు వేశాడో మర్చిపోడు.

వేడెక్కిన వస్తువు కంటబడితే అతని చెయ్యి ఊరుకోదు. టీ ఇస్తే ఆ గ్లాసులోంచి ఈ గ్లాసులోకి తిరగబోసి తిరగబోసి చివరికి నురుగు తాగుతాడు. పెళ్లి భోజనంలో పొగలు కక్కే అన్నం వడ్డిస్తే తన విస్తరికే కాదు, పక్కవాడి విస్తరికి కూడా కండువాతో విసురుతాడు. భార్య చిన్నతల్లి కోపం ఒక్కటే అతనికి చల్లార్చడం చేతకాని వేడి.

ఆ చిన్నతల్లి షెడ్డు ముందర చెరుకురసం అమ్మడం మొదలుపెట్టింది. రేడియేటరు బాగయ్యేదాకా డ్రైవర్లు ఊరికే కూర్చుంటారు గదా, వాళ్లకు దాహం వేస్తుంది గదా అని ఆవిడ ఆలోచన. వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి మిషను నడపడానికి షెడ్డు మీద సోలార్ పలకలు వేయించుకున్నారు. ఆమదాలవలస నుంచి త్రినాథ్ అనే కుర్ర మెకానిక్ వచ్చి బిగించాడు. పలకల కింద స్టాండ్లు వేసి కాస్త ఎత్తులో పెడదామన్నాడు. జగన్నాధం ఒప్పుకోలేదు. తిత్లీ తుపానుకి ఈ షెడ్డు రేకులే ఎగిరిపోయి అవతలి వరిచేలో తేలాయి. ఆ సంగతి అతను ఇంకా మర్చిపోలేదు.

"వద్దు తమ్ముడూ, రేకుకి అంటించీ. గాలికి ఏలు దూరే సందు కూడా ఉండకూడదు."

"ఎత్తులో ఉంటే మంచిదన్నా."

"ఎగిరిపోతే మంచిదేటి?"

త్రినాథ్ పలకలను రేకులకు ఆనించి బోల్టులు బిగించి వెళ్లిపోయాడు.

చలికాలమంతా మిషను జోరుగా తిరిగింది. ఎండలు ముదిరాక పేచీ పెట్టింది. పొద్దున్న బాగానే తిరిగేది. సూర్యుడు నడినెత్తికి వచ్చి, రోడ్డు మీద తారు మెత్తబడి, డ్రైవర్లు నాలుకలు ఎండిపోయి దిగేసరికి చెరుకుగడ సగం నలిగి రోలర్ల మధ్య ఇరుక్కుపోయేది. పక్కనున్న సోలార్ కరెంటు పెట్టె మీద ఎర్రదీపం వెలిగేది. ఎండ వాలాక, తాగేవాళ్లు వెళ్లిపోయాక, మళ్లీ ఏమీ ఎరగనట్టు తిరిగేది.

"ఏటి మావా ఇది?" అంది చిన్నతల్లి నడుమున చెయ్యి పెట్టుకుని. "ఎండ లేనప్పుడు పని సేస్తాది, ఎండొస్తే పడుకుంటాది. అచ్చం మా గంగులు లాగే ఉన్నాది."

గంగులు ఆవిడ తమ్ముడు, లారీ డ్రైవరు. ఆ మాటకు బెంచీ మీంచి లేచి, "మజ్జెలో నన్నెందుకు లాగుతావప్పా?" అని మళ్లీ పడుకున్నాడు.

జగన్నాధం నిచ్చెన వేసుకుని పైకెక్కి పలక మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టినంత వేగంగానూ తీసేశాడు. "ఓలమ్మో! పెనంలాగున్నాదే!" అని అరిచాడు. నొప్పి సంగతి పక్కన పెడితే, ఆ అరుపులో కొంత సంతోషం కూడా ఉంది. జబ్బు అతనికి తెలిసిన జబ్బే.

దండెం మీద ఆరేసిన చిన్నతల్లి నూలుచీర ఒకటి తీసి, బకెట్లో ముంచి, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదుటి మీద తడిగుడ్డ వేసినంత జాగ్రత్తగా పలకల మీద పరిచాడు. అంతవరకు మెల్లగా మూలుగుతున్న మిషను కాస్తా పూర్తిగా ఆగిపోయింది.

కింద చిన్నతల్లి పైకి చూసింది. "నా సీరేటి అక్కడున్నాది?"

"సల్లబరుస్తన్నానే."

"సూరీడికి పరదా కట్టీసినావు. ఇంక రసం ఎక్కడిది? దిగు ముందు!"

దిగి, చీర మళ్లీ దండెం మీద వేసి, త్రినాథ్‌కి ఫోన్ చేశాడు. త్రినాథ్ పలాసలో ఏదో పనిలో ఉన్నాడు. "అన్నా, పలకకి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. వేడెక్కిపోతే వోల్టేజి పడిపోతాది. మరీ పడిపోతే ఆ పెట్టె మోటారుని ఆపేస్తాది. ఈ పని అయ్యాక నానొచ్చి సూస్తాను" అన్నాడు.

త్రినాథ్ వచ్చేదాకా ఆగే మనిషా జగన్నాధం? వెలుతురుకి అడ్డురాకుండా చల్లబరచాలి. అంటే నీళ్లు. నీళ్లు పారాలి, వేడి లాక్కోవాలి, మళ్లీ చల్లబడి పైకి రావాలి. లారీలో జరిగేది అదే కదా! రెండు రోజులు తిండి కూడా నిలబడే తిన్నాడు. పలకల పైఅంచున బెజ్జాల గొట్టం పెట్టాడు. కింద కాలువలా సగానికి కోసిన గొట్టం, దాని కింద డ్రమ్ము, డ్రమ్ముకి పాత టాటా లారీ రేడియేటరు, అక్కడి నుంచి నీళ్లు పైకి పంపే చిన్న మోటారు. ఆగిన లారీల వాళ్లంతా చుట్టూ చేరారు. గంగులు ఒక కొబ్బరికాయ కూడా కొట్టాడు.

మోటారు వేయగానే నీళ్లు పలకల మీద పల్చగా జారాయి. ఎండలో తళతళలాడుతూ చాలా అందంగా ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నతల్లి చెరుకుగడ పెట్టింది. మిషను కదల్లేదు.

"బావా," అన్నాడు గంగులు కాసేపు చూసి, "ఈ నీళ్ల మోటారుకి కరెంటు ఎక్కడిది?"

"పలకలదే."

"మరైతే సెరుకు మిషనుకి?"

జగన్నాధం వెళ్లి స్విచ్చి ఆపి, మళ్లీ వేసి చూశాడు. నీళ్ల మోటారు ఆపితే చెరుకు మిషను కాస్త మూలిగింది. వేస్తే ఆగింది. పలకలు తయారుచేసిన కరెంటంతా పలకలకు స్నానం చేయించడానికే సరిపోతోంది. నవ్వకుండా ఉండటానికి డ్రైవర్లు చాలా కష్టపడ్డారు. చిన్నతల్లి ఆ కష్టం కూడా పడలేదు.

అంతటితో పోలేదు. ఆ ఊరి బోరునీళ్లు ఉప్పనివి. తడి ఆరాక పలకల మీద తెల్లటి పొర కట్టింది. మర్నాడు మిషను మామూలుకంటే ముందే పడుకుంది. చిన్నతల్లి చెరుకురసంలో పిండేసిన నిమ్మచెక్కలు బుట్టెడు తెచ్చి మొగుడి చేతికిచ్చింది. "ఎల్లు, రుద్దు. నివ్వు సేసిన సున్నం నివ్వే వదలగొట్టు."

ఆ మర్నాడు పొద్దున్నే జగన్నాధం పైకెక్కాడు. అంచుల కింద పేరుకున్న పొర చేతికి అందకపోతే, ఒకవైపు బోల్టులు విప్పి, పలకలను కాస్త పైకెత్తి కింద ఇటికెలు పెట్టి, వంగి వంగి రుద్దాడు. నడుం పట్టేసింది. ఇటికెలు అలాగే వదిలి కిందికొచ్చి, చాప మీద వాలిపోయాడు.

లేచేసరికి చిన్నతల్లి చేతులు తుడుచుకుంటోంది. బెంచీల మీద ఖాళీ గ్లాసులు వరసగా ఉన్నాయి.

"మావా, ఒకటి సూసినావా? ఈయేళ మిషను అసలు ఆగనేదు."

జగన్నాధం ఒక్క ఉదుటున కూర్చున్నాడు. "నిమ్మకాయ!" అన్నాడు. "నిమ్మకాయ మహత్తే! పులుపు సలవ గదా!"

ఆ సాయంత్రమే పైకెక్కి ఇటికెలు తీసేసి, పలకలు మళ్లీ రేకుకి బిగించాడు. మర్నాడు పొద్దున్న ఇంకో బుట్టెడు నిమ్మచెక్కలతో అద్దాలు మిలమిలలాడేలా రుద్దాడు. మధ్యాహ్నానికి మిషను ఆగింది. ఆ మర్నాడు తాజా నిమ్మకాయలు కోసి రుద్దబోతే చిన్నతల్లి నిచ్చెన పట్టుకుంది.

"నా కాయలన్నీ పాడుసేస్తావేటి? మొన్న నివ్వు రుద్దడం ఒకటే సేసినావా?"

"అవును."

"మరి ఇటికెలో?"

అతను నిచ్చెన మధ్యలో ఆగిపోయాడు.

"సూడు మావా," అంది ఆవిడ, "మండే రేకు మీద నిన్ను ఈపు ఆనించి పడుకోబెడితే పని సేస్తావా? కింద కాసింత గాలాడితే దానికీ పేనం లేచొస్తాది."

మూడు ఇటికెలు మళ్లీ పైకెళ్లాయి. భావనపాడు వైపు నుంచి సముద్రపు గాలి మధ్యాహ్నానికి రోజూ వస్తుంది. అది పలకల కిందుగా దూరింది. మిషను తిరిగింది. జగన్నాధం రోలర్ల ముందు గొంతుక్కూర్చుని, ఆగుతుందేమోనని చూస్తూ భోజనం మాట మర్చిపోయాడు.

వారం తర్వాత త్రినాథ్ వచ్చి ఇటికెలు చూసి తలపట్టుకున్నాడు. "నాను మొదట్లోనే సెప్పాను గదన్నా ఎత్తులో పెడదామని!"

"ఎత్తులో అన్నావు. ఎందుకో సెప్పినావా?"

"నివ్వు సెప్పనిస్తే గదా!"

ఇద్దరూ కలిసి ఇనప యాంగిళ్లు వేసి పలకలను మూరెడు ఎత్తుకు లేపారు. తుపాను భయం మాత్రం జగన్నాధాన్ని వదల్లేదు. లారీ ఛాసిస్‌కి వాడే బోల్టులు తెచ్చి, గొట్టం తగిలించిన స్పానరుతో వేలాడి మరీ బిగించాడు. రేపు గాలొస్తే షెడ్డు పోవచ్చు గాని పలకలు మాత్రం ఇక్కడే నిలబడతాయని త్రినాథ్ అన్నాడు. దాన్ని జగన్నాధం మెప్పుగానే తీసుకున్నాడు.

మిషను పొద్దుటంత జోరుగా మధ్యాహ్నం తిరగదు. తిరిగితే చాలు. గాలి స్తంభించిన రోజుల్లో ఒక్కోసారి ఆగుతుంది కూడా. అప్పుడు చిన్నతల్లి ఏమీ కంగారు పడదు. "కూకోండి బాబూ, ఊపిరి తీసుకుంటన్నాది" అని విసనకర్రలు పంచుతుంది. డ్రైవర్లు కూర్చుంటారు. వాళ్లకి జగన్నాధం ఈ కథంతా చెబుతాడు. చీర సంగతి వదిలేస్తాడు. అవతల నుంచి చిన్నతల్లి అది అందిస్తుంది.

మొన్న కోటబొమ్మాళి నుంచి ఒక దర్జీ వెతుక్కుంటూ వచ్చాడు. అతని కుట్టుమిషన్లు కూడా మధ్యాహ్నం నీరసపడుతున్నాయట, పలకలు డాబాకి అంటించి ఉన్నాయట. జగన్నాధం స్పానర్లు సంచిలో వేసుకుని, అతని బండి వెనక కూర్చుని వెళ్లాడు. చీకటిపడే వేళకు వీపంతా ఎర్రగా కమిలి, ముఖం వెలిగిపోతూ దిగాడు. దర్జీ కుట్టిపెట్టిన కొత్త జాకెట్టు ఒకటి చిన్నతల్లికి పంపాడు. ఆవిడ దీపం దగ్గర పట్టుకుని చూసుకుంది. కొలత తెలియక కుట్టింది కాబట్టి చేతులు బిగుతుగా ఉన్నాయి. అయినా మర్నాడు అదే తొడుక్కుని చెరుకు మిషను దగ్గర కూర్చుంది.